రుమటాలజీలో టీచింగ్ డాక్టర్ కావడం ఎలా: ఒడిశా సరిహద్దు తెలుగు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "కీళ్ళవాతం స్పెషలిస్టు కావాలి, మెడికల్ కాలేజీలో పాఠం చెప్పాలి, పరిశోధన కూడా చేయాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?" అడిగేవారిలో ఇంటర్ పిల్లల తల్లిదండ్రులున్నారు, హౌస్ సర్జన్లున్నారు, ఎండీ చివరి ఏడాదిలో ఉన్నవారూ ఉన్నారు. అందరికీ పనికొచ్చేలా వరుసగా రాస్తున్నాను.

మీరు ఏ దశలో ఉంటే అక్కడి నుంచి చదువుకోవచ్చు. 6, 7 భాగాలు మాత్రం అందరూ చదవండి. ఈ దారిలో అందరూ ఎంట్రన్స్ పరీక్షల గురించే టెన్షన్ పడతారు. ఆ పరీక్షలు ఏదో ఒక ఏడాది దాటేస్తారు. మంచి రుమటాలజిస్టుకీ మామూలు రుమటాలజిస్టుకీ తేడా వచ్చేది మాత్రం ఒకే రోగిని ఏళ్ళ తరబడి వదలకుండా చూసి, చూసింది చూసినట్టు రాసిపెట్టుకునే అలవాటు దగ్గరే. ఆ అలవాటు డీఎంలో (ఎండీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ కోర్సు) చేరాక మొదలుపెడితే ఆలస్యమే.

## 1. ముందు లెక్క చూసుకోండి

ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర ఏళ్ళు, ఎండీ 3 ఏళ్ళు, డీఎం 3 ఏళ్ళు. ఒక్క ఏడాది కూడా పోకుండా సాగితే పదకొండున్నర ఏళ్ళు. మధ్యలో ఎంట్రన్స్ ప్రిపరేషన్, బాండ్ సర్వీసు (చదువయ్యాక ప్రభుత్వంలో తప్పనిసరిగా చేయాల్సిన పని) కలిస్తే ముప్పై దాటాకే మొదటి ఫ్యాకల్టీ ఉద్యోగం అనుకోండి. ఇంట్లో ఈ మాట ముందే చెప్పాలి, ముఖ్యంగా అప్పు చేసి చదివించే ఇళ్ళలో. ఎండీ, డీఎంలలో స్టైఫండ్ వస్తుంది కానీ ఎంత వస్తుందన్నది రాష్ట్రాన్ని బట్టీ కాలేజీని బట్టీ మారుతుంది.

పని మూడు రకాలు: ఓపీలో, వార్డులో రోగులు, విద్యార్థులకు పాఠాలు, పరిశోధన. ఈ మూడింటిలో ఒకటి అసలు ఇష్టం లేకపోతే ప్రైవేటు ప్రాక్టీసు మంచి దారే, అందులో చిన్నతనం ఏమీ లేదు. మూడూ కావాలనుకుంటేనే ముందుకు చదవండి.

రుమటాలజీ స్వభావం కూడా తెలుసుకోవాలి. ఇక్కడ పెద్ద ఆపరేషన్లు ఉండవు, ఒక్క పూటలో నయం చేసి పంపే సంతృప్తి తక్కువ. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ (కీళ్ళవాతం), లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు), యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను బిగుసుకుపోయే జబ్బు), గౌట్ (కీళ్ళలో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు చేరే జబ్బు), వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) లాంటివన్నీ ఏళ్ళ తరబడి కొనసాగే జబ్బులు. వేళ్ళు ముడుచుకోలేక వచ్చిన తల్లి ఆరు నెలల తర్వాత తన జడ తానే వేసుకుని వస్తుంది. అలాంటి మార్పు చూసి సంతోషపడగలిగే ఓపిక ఉన్నవారికే ఈ శాఖ.

## 2. ఇంటర్‌లో చేరే ముందే 'లోకల్' సంగతి తేల్చుకోండి

మన సరిహద్దు ఇళ్ళలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. రాయగడలోనో పర్లాకిమిడిలోనో పదో తరగతి దాకా చదివించి, ఇంటర్‌కి విశాఖపట్నమో విజయవాడో రెసిడెన్షియల్ కాలేజీకి పంపుతారు. నీట్‌లో మంచి మార్కులు వచ్చాక, ఏ రాష్ట్రం కోటాలోకి వస్తామో తెలియక కౌన్సెలింగ్ రోజుల్లో తాసీల్దారు ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటా, మిగతా 85 శాతం రాష్ట్ర కోటా. ఆలిండియా కోటాలో ఎవరైనా పోటీ పడొచ్చు. రాష్ట్ర కోటాకే అసలు మెలిక. ఆంధ్రప్రదేశ్‌లో లోకల్ అభ్యర్థి కావాలంటే, సాధారణంగా అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా 4 ఏళ్ళు అక్కడ చదివి ఉండాలి. రెండేళ్ళ ఇంటర్ ఒక్కటే సరిపోదు. ఒడిశా కోటాకు రెసిడెంట్ లేదా నేటివిటీ సర్టిఫికెట్‌తో పాటు, ఆ ఏడాది బ్రోచర్‌లో చదువు గురించి పెట్టిన షరతులు చూడాలి.

మహారాష్ట్ర వైపు, అంటే నాందేడ్, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల తెలుగువారికి ఇది ఇంకా కఠినం. అక్కడి రాష్ట్ర కోటాకు డొమిసైల్‌తో పాటు పది, పన్నెండు రెండూ మహారాష్ట్రలోనే పాసై ఉండాలన్నది సాధారణ నియమం. సిరోంచ నుంచి ఇంటర్‌కి హైదరాబాద్ పంపితే ఆ కోటా చేజారినట్టే.

ఇంటర్ అడ్మిషన్‌కు ముందు చేయాల్సినవి:

- పోయిన ఏడాది రాష్ట్ర కౌన్సెలింగ్ బ్రోచర్ డౌన్‌లోడ్ చేసి, అర్హత పేజీ మొత్తం చదవండి. కాలేజీ పీఆర్‌ఓ చెప్పిన మాట మీద ఆధారపడొద్దు.
- 6వ తరగతి నుంచి ఇప్పటిదాకా స్టడీ సర్టిఫికెట్లు ఒకే ఫైల్లో పెట్టండి.
- రెసిడెంట్, కుల, ఆదాయ సర్టిఫికెట్లలో పేరు స్పెల్లింగ్ పదో తరగతి మెమోతో సరిపోవాలి. తెలుగు ఇంటిపేరు ఒడియాలోకి, అక్కడి నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్ళేసరికి మూడు రకాలుగా తయారవుతుంది. ఇప్పుడే దిద్దించండి.
- తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఒడియా చదవడం, రాయడం వదలకండి. ఒడిశా ప్రభుత్వ డాక్టరు పోస్టులకు ఒడియా వచ్చని చూపించాలి. బడిలో ఒడియా చదవనివారు ఎంఈ (మిడిల్ ఇంగ్లిష్ స్కూల్) స్థాయి ఒడియా పరీక్ష పాస్ కావాల్సి వస్తుంది.

## 3. ఎంబీబీఎస్: చేతులు, చెవులు సిద్ధం చేసుకునే కాలం

బరంపురం ఎంకేసీజీ అయినా, కోరాపుట్ ఎస్‌ఎల్‌ఎన్ అయినా, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ అయినా, ఈ దశలో రుమటాలజీ విడిగా కనిపించేది తక్కువ. మెడిసిన్ సిలబస్‌లో ఒక భాగంగా వచ్చిపోతుంది. కాబట్టి ఎవరికి వారే చూసుకోవాలి.

చూసిన ప్రతి మెడిసిన్ కేసులో కీళ్ళు పరీక్షించండి. గాల్స్ అనే చిన్న స్క్రీనింగ్ పద్ధతి ఉంది: నడక, చేతులు, కాళ్ళు, వెన్నెముక. మూడు ప్రశ్నలతో మొదలవుతుంది. కండరాల్లో, కీళ్ళలో, వెన్నులో నొప్పి గానీ బిగువు గానీ ఉందా? బట్టలు సొంతంగా వేసుకోగలరా? మెట్లు ఎక్కి దిగగలరా? రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. గుండె, ఊపిరితిత్తులు వినడం ఎంత అలవాటో ఇదీ అంత అలవాటు కావాలి.

రోగి మాటలు నేర్చుకోండి. మన వైపు ఓపీలో తెలుగు, ఒడియా, దేశియా, కువి, సవర అన్నీ వినపడతాయి. అన్నీ రావాలని కాదు. "పొద్దున లేవగానే బిగుసుకుంటుందా, ఎంతసేపు?", "రాత్రి నొప్పికి మెలకువ వస్తుందా?", "పిడికిలి మూయగలరా?" లాంటి పది ప్రశ్నలు ఆ భాషల్లో అడగడం నేర్చుకుంటే చాలు. నర్సమ్మలు, ఆశా కార్యకర్తలు సంతోషంగా నేర్పుతారు. మన పిల్లలకున్న పెద్ద బలం ఇది. పెద్ద నగరాల నుంచి వచ్చిన తోటివారికి ఇది దొరకదు.

ఒక చిన్న పరిశోధన చేయండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసం. ఒక గైడ్ దగ్గర 2 నెలల ప్రాజెక్టు. సీటు రాకపోయినా ప్రపోజల్ రాయడం వల్ల లాభమే. ప్రశ్నను ఒక్క వాక్యంలో పెట్టడం ఎంత కష్టమో అప్పుడే తెలుస్తుంది.

ఇంటర్న్‌షిప్‌ను నీట్ పీజీ కోచింగ్‌కు మింగనివ్వకండి. చదవాలి, తప్పదు. కానీ మెడిసిన్ పోస్టింగ్‌లో ఒక్క మోకాలి నుంచైనా సూదితో నీరు తీయడం సీనియర్ పక్కన ఉండగా చేసి ఉండాలి.

## 4. ఎండీ: ఏ బ్రాంచి, ఏ కాలేజీ, ఏ థీసిస్

రుమటాలజీ డీఎంకు ప్రధాన దారి ఎండీ జనరల్ మెడిసిన్. పిల్లల రుమటాలజీ మీద మనసుంటే పీడియాట్రిక్స్. డీఎన్‌బీ (ఎండీకి సమానమైన డిగ్రీ) చేసినవారికీ దారి ఉంది. నీట్ పీజీతో పాటు ఎయిమ్స్, జిప్‌మర్, పీజీఐ లాంటి సంస్థల కోసం ఐఎన్‌ఐ సెట్ రాయాలి. అది ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది.

కాలేజీ ఎంపిక. ర్యాంకు వచ్చాక అందరూ పేరు చూసి పెడతారు. నేను మూడు విషయాలు చూడమంటాను: మెడిసిన్ వార్డులో రోగుల సంఖ్య, అక్కడ రుమటాలజీ ఓపీ ఉందా లేదా, బాండ్ షరతులు. బాండ్ ఎన్నేళ్ళు, కట్టాల్సిన మొత్తం ఎంత, డీఎం సీటు వస్తే మధ్యలో వదులుతారా, సర్వీసు వాయిదా వేసుకోవచ్చా అన్నది కాగితం మీద చదవండి. డీఎం సీటు వచ్చి కూడా బాండ్ దగ్గర ఆగిపోయినవారు ఉన్నారు.

మెడిసిన్ గట్టిగా నేర్చుకోండి. రుమటాలజీ మీద ఇష్టంతో మిగతావి వదిలేయడం పెద్ద పొరపాటు. లూపస్ కిడ్నీని, మెదడును, రక్తాన్ని పట్టుకుంటుంది. వాస్కులైటిస్ రోగి ఊపిరితిత్తుల్లో రక్తస్రావంతో రాత్రి రెండింటికి ఐసీయూకి వస్తాడు. ఆ రాత్రి మీకు కావాల్సింది మెడిసినే.

మన జిల్లాల్లో ఇంకో కారణమూ ఉంది. కీళ్ళ నొప్పి అని వచ్చేవారందరిదీ కీళ్ళవాతం కాదు. ఈ జబ్బుల పట్టిక జేబులో పెట్టుకోండి:

- సికిల్ సెల్: కోరాపుట్, రాయగడ వైపు, అటు గడ్చిరోలి, చంద్రపూర్ వైపు కూడా ఎక్కువ. ఎముకల నొప్పితో వస్తుంది, పసిపిల్లల్లో చేతులు కాళ్ళు వాస్తాయి, యువకుల్లో తుంటి ఎముక తల దెబ్బతిని కుంటుతారు.
- కుష్టు: లెప్రా రియాక్షన్‌లో కీళ్ళు వాచి అచ్చం ఆర్థ్రయిటిస్‌లా కనిపిస్తుంది. చర్మం మీద మచ్చల్లో స్పర్శ చూడకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టొద్దు.
- క్షయ: ఒకే కీలు నెలల తరబడి వాచి ఉంటే ముందు దీన్ని తోసిపుచ్చండి.
- చికున్‌గున్యా: జ్వరం తగ్గాక కూడా నెలలపాటు కీళ్ళు పట్టేస్తాయి.
- రుమాటిక్ ఫీవర్: పిల్లల్లో నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారుతుంటే గుండె వినండి.

రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్ అని రిపోర్టు తెచ్చుకున్నంత మాత్రాన రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అనేయకూడదు. క్షయ, కుష్టు, హెపటైటిస్ సి ఉన్నవారిలోనూ, కొందరు ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల్లోనూ అది పాజిటివ్ వస్తుంది. రిపోర్టు చూసి మందు రాసే అలవాటు ఎండీలో పడితే డీఎంలో వదలదు.

థీసిస్. మొదటి ఏడాదిలోనే సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక) ఇవ్వాలి కాబట్టి చాలామంది సీనియర్ థీసిస్‌లో ఊరి పేరు మార్చి ఇచ్చేస్తారు. అలా చేయకండి. మీకు రోజూ దొరికే రోగుల మీద, మీ ల్యాబ్‌లో జరిగే పరీక్షలతో, ఏడాదిన్నరలో పూర్తయ్యే ప్రశ్న తీసుకోండి. ఖరీదైన యాంటీబాడీ ప్యానెల్ మీద ఆధారపడే టాపిక్ తీసుకుంటే కిట్లు రాక మధ్యలో ఆగిపోతారు.

డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ. పీజీలో 3 నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. దీన్ని సెలవులా తీసుకునేవారు ఎక్కువ. రుమటాలజీకి వెళ్ళాలనుకునేవారు ఆ 3 నెలలూ కీళ్ళ నొప్పితో వచ్చిన ప్రతి ఒక్కరినీ ఒక నోట్‌బుక్‌లో రాయాలి: వయసు, ఊరు, నొప్పి మొదలై ఎన్నాళ్ళు, అంతకుముందు ఎవరి దగ్గర ఏ మందు వాడారు, చివరికి తేలింది ఏమిటి. 7వ భాగంలో ఈ నోట్‌బుక్‌తో పని ఉంది.

## 5. డీఎం సీటు

డీఎం సీటుకు రెండు ప్రవేశ పరీక్షలు. నీట్ ఎస్ఎస్‌ను ఎన్‌బీఈఎంఎస్ జరుపుతుంది, కౌన్సెలింగ్ ఎంసీసీది (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ). ఎయిమ్స్, పీజీఐ, జిప్‌మర్ లాంటి సంస్థలకు ఐఎన్‌ఐ ఎస్ఎస్ విడిగా ఉంటుంది. నీట్ ఎస్ఎస్ మెడిసిన్ గ్రూపులో ప్రశ్నలు మొత్తం మెడిసిన్ నుంచి వస్తాయి కాబట్టి రుమటాలజీ ఒక్కటే చదివి లాభం లేదు.

సీట్ల జాబితాలో వెతికేటప్పుడు జాగ్రత్త. చాలా చోట్ల ఈ కోర్సు పేరు 'క్లినికల్ ఇమ్యునాలజీ అండ్ రుమటాలజీ'. రుమటాలజీ అని మాత్రమే వెతికితే సగం సీట్లు కనపడవు. డీఆర్‌ఎన్‌బీ (డీఎంకు సమానమైన కోర్సు) సీట్లు కూడా చూడండి.

మనకు దగ్గర్లో హైదరాబాద్ నిమ్స్‌లో, కటక్ ఎస్‌సీబీలో ఈ విభాగాలున్నాయి. వెల్లూరు సీఎంసీ, పుదుచ్చేరి జిప్‌మర్, లక్నో ఎస్‌జీపీజీఐ, చండీగఢ్ పీజీఐ, ఢిల్లీ ఎయిమ్స్ ఈ శాఖలో శిక్షణకు పేరున్నవి. ఆప్షన్లు పెట్టే ముందు అక్కడ ఇప్పుడు చదువుతున్న ఇద్దరు రెసిడెంట్ డాక్టర్లతో ఫోన్లో మాట్లాడండి. ఇవి అడగండి:

- వారానికి ఎన్ని ఓపీలు? కొత్త రోగిని మొదట రెసిడెంట్ చూస్తారా?
- ఏఎన్ఏ (లూపస్ లాంటి జబ్బుల్లో చూసే యాంటీబాడీ పరీక్ష) ఇమ్యునోఫ్లోరోసెన్స్ స్లయిడ్లు రెసిడెంట్లే చదువుతారా, రిపోర్టు మాత్రం వస్తుందా?
- కీళ్ళ అల్ట్రాసౌండ్ మెషిన్ విభాగంలోనే ఉందా?
- పోయిన బ్యాచ్ వారి థీసిస్‌లు పేపర్లుగా వచ్చాయా?
- డీఎం తర్వాత బాండ్ ఉందా?

సీటు రాని ఏడాది ఏం చేయాలి? రుమటాలజీ ఓపీ ఉన్న చోట సీనియర్ రెసిడెంట్‌గా చేరండి. ఇంట్లో కూర్చుని చదవడం కంటే ఇది మేలు. ఎండీ తర్వాత ఒక ఏడాది సీనియర్ రెసిడెన్సీ ఉంటే మెడిసిన్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ దారి కూడా తెరుచుకుంటుంది. చిన్న చిన్న సర్టిఫికెట్ ఫెలోషిప్‌లు నేర్చుకోవడానికి పనికొస్తాయి. కానీ రుమటాలజీ విభాగంలో ఫ్యాకల్టీ పోస్టుకు డీఎం, డీఆర్‌ఎన్‌బీ లాంటి గుర్తింపున్న డిగ్రీయే అడుగుతారు. డబ్బు కట్టే ముందు ఇది మనసులో పెట్టుకోండి.

## 6. డీఎం మూడేళ్ళు: చేతికి రావాల్సిన పనులు

28 కీళ్ళు రోజూ. భుజాలు 2, మోచేతులు 2, మణికట్లు 2, చేతివేళ్ళ మొదటి వరుస కీళ్ళు 10, మధ్య వరుస 10, మోకాళ్ళు 2. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ తీవ్రత కొలిచే డాస్ 28 స్కోరులో ఈ కీళ్ళనే లెక్కపెడతారు. 2.6 కంటే తక్కువైతే జబ్బు అణిగినట్టు, 5.1 దాటితే తీవ్రంగా ఉన్నట్టు.

ఎంత గట్టిగా నొక్కాలి అన్నది అందరికీ వచ్చే సందేహం. మీ బొటనవేలి గోరు కింద రంగు తెల్లబడేంత ఒత్తిడి చాలు. అంతకంటే తక్కువైతే నొప్పి దొరకదు, ఎక్కువైతే ఎవరికైనా నొప్పే. వేలి కీలు వాపు చూసేటప్పుడు రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడువేళ్ళు నాలుగూ వాడండి. ఒక జతతో నొక్కుతూ రెండో జత కింద ద్రవం కదులుతుందేమో చూడాలి. రోగి చేతిని కాదు, ముఖాన్ని చూడండి. మన వైపు చాలామంది, ముఖ్యంగా కొండ ఊళ్ళ నుంచి వచ్చినవారు, నొప్పి ఉన్నా నోటితో చెప్పరు. కనుబొమ్మ ముడిపడుతుంది.

ఇంకో మాట. 28 కీళ్ళ లెక్కలో పాదాలు లేవు. చెప్పుల్లేకుండా పొలంలో, కొండల్లో నడిచేవారికి పాదాలే ముందు బాధపెడతాయి. స్కోరు కోసం కాకపోయినా ప్రతిసారీ పాదాల ముందు భాగాన్ని అడ్డంగా నొక్కి చూడండి.

మెథోట్రెక్సేట్ చీటీ. రుమటాలజీలో చాలా ఎక్కువగా రాసే మందుల్లో ఇదొకటి. వారానికి ఒక్కసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది: నోటిలో పుండ్లు, రక్తకణాలు పడిపోవడం, ఇన్ఫెక్షన్. ఈ పొరపాటు రోగిది అని వదిలేయకూడదు. చీటీ రాసిన పద్ధతిలోనే అది మొదలవుతుంది. ఇలా చేయండి:

1. 'వారానికోసారి' అని వదిలేయకుండా రోజు పేరు రాయండి.
2. ఆ ఊరి సంత రోజును ఎంచుకోండి. "మీ సంత ఏ రోజు?" అని అడిగి, సంత నుంచి వచ్చాక రాత్రి భోజనం అయ్యాక వేసుకోమనండి. క్యాలెండర్ లేని ఇంట్లోనూ సంత రోజు ఎవరూ మర్చిపోరు.
3. ఒకే బలం మాత్రలు రాయండి. 15 మిల్లీగ్రాములంటే 2.5 మాత్రలు 6. ఒక నెల 2.5, ఇంకో నెల 10 రాస్తే లెక్క తప్పుతుంది.
4. నాలుగు వారాలకు సరిపడా మాత్రమే ఇప్పించండి.
5. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. రెండూ చిన్న పసుపు మాత్రలే అయితే కవర్ల మీద వేర్వేరు గుర్తులు గీయించండి.
6. రోగి చేత తిరిగి చెప్పించుకోండి. తోడు వచ్చినవారి చేత కూడా.
7. పిల్లలు కావాలనుకునే వయసు స్త్రీలతో గర్భం గురించి మాట్లాడకుండా ఈ మందు మొదలుపెట్టొద్దు.
8. రక్తకణాలు, లివర్, క్రియాటినిన్ పరీక్షల తేదీలు అదే చీటీ మీద.

రిజిస్టరు. ప్రతి రోగికి ఒక పేజీ. మొదటి చూపు తేదీ, జబ్బు మొదలైన నెల, స్కోరు, మందు, డోసు, మార్చిన కారణం. ఎక్సెల్ అయినా సరే, గళ్ళ పుస్తకమైనా సరే. రోగి పేరు, ఫోన్ నంబరు ఒక చోట, జబ్బు వివరాలు ఇంకో చోట కోడ్ నంబరుతో ఉంచండి. ఫోన్ నంబర్లు రెండు తీసుకోండి, ఒకటి పక్కింటివారిదైనా పర్వాలేదు. మన వైపు కూలిపనికి వలస వెళ్ళేవారు ఎక్కువ, ఫోన్ నంబరు మారిపోతుంది.

ఇవి కాక డీఎం పూర్తయ్యేలోపు సొంతంగా చేయగలగాల్సినవి: కీళ్ళలో నీరు తీయడం, ఇంజెక్షన్ ఇవ్వడం, పోలరైజ్డ్ మైక్రోస్కోప్‌లో గౌట్ స్ఫటికాలు గుర్తుపట్టడం, గోరు మొదట్లో కేశనాళికలు చూడడం, బయోలాజిక్ మందులకు (రోగనిరోధక శక్తిని అణిచే ఇంజెక్షన్లు) ముందు దాగి ఉన్న క్షయ కోసం పరీక్షించడం.

## 7. పరిశోధన: ప్రశ్న మీ ఓపీలోనే ఉంది

విద్యార్థులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. పెద్ద జర్నల్లో వచ్చిన పేపర్ చూసి అలాంటి జన్యు పరిశోధన మనమూ చేయాలనుకుంటారు. ఆ ల్యాబ్ మనకు లేదు. అయితే వాళ్ళకు లేని రోగులు మనకున్నారు.

ఎండీలో రాసిన ఆ 3 నెలల నోట్‌బుక్ తీయండి. అందులో ప్రశ్నలు వాటంతటవే కనిపిస్తాయి. కొన్ని నమూనాలు:

- కీళ్ళు మొదటిసారి వాచిన రోజు నుంచి మొదటి మెథోట్రెక్సేట్ మాత్ర దాకా ఎన్ని నెలలు పట్టింది? ఆలస్యం ఎక్కడ జరిగింది: ఇంట్లోనా, ఆర్‌ఎంపీ దగ్గరా, మెడిసిన్ ఓపీలోనా?
- సికిల్ సెల్ ఉన్న రోగికి నిజంగా వాపుతో కూడిన ఆర్థ్రయిటిస్ కూడా ఉంటే దాన్ని ఎలా పట్టుకున్నారు?
- సంత రోజుతో ముడిపెట్టి చెప్పిన రోగులు మందు సరిగ్గా వాడుతున్నారా?

మూడో ప్రశ్నకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. కావాల్సింది క్రమశిక్షణ. వరుస ఇలా ఉండాలి:

అ. ప్రశ్న ఒక్క వాక్యంలో. ఎవరిలో, ఏం కొలుస్తున్నారు, దేనితో పోలుస్తున్నారు, ఎన్నాళ్ళు. వాక్యం రెండు పేజీలకు సాగితే ప్రశ్న ఇంకా పండలేదు.

ఆ. స్టాటిస్టిక్స్ మనిషిని ముందే కలవండి. డేటా అంతా పోగేశాక వెళ్తే ఆయన చేయగలిగేది తక్కువ. ఎంతమంది రోగులు కావాలో మొదలుపెట్టకముందే తేలాలి.

ఇ. ఎథిక్స్ కమిటీ. అనుమతి వచ్చాకే మొదటి రోగి. మందులో గానీ చికిత్స పద్ధతిలో గానీ జోక్యం ఉంటే సీటీఆర్‌ఐలో (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) ముందే నమోదు చేయాలి. సమ్మతి పత్రం తెలుగులో, ఒడియాలో, రెండూ చదవలేనివారికి వారి మాటలో చదివి వినిపించి, సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర. గిరిజన గ్రామాల్లో ఊరి పెద్ద అనుమతి తీసుకోవడం మర్యాద, అవసరం కూడా. కానీ అది ఆ మనిషి సొంత సమ్మతికి బదులు కాదు.

ఈ. ఫారం పది మంది మీద పరీక్షించండి. "పొద్దున బిగువు ఎన్ని నిమిషాలు?" అని అడిగితే నిమిషాల్లో జవాబు రాదు. "లేచాక ఏ పని అయ్యేసరికి చేతులు వదులవుతాయి? నీళ్ళు తెచ్చేసరికా, వంట అయ్యేసరికా?" అని అడిగి, ఆ పనిని సమయంలోకి మార్చుకోవాలి. ఇలాంటివి ఫారం వాడి చూస్తే తప్ప తెలియవు.

ఉ. రాయడం. ముందు పట్టికలు, తర్వాత పద్ధతి, ఆ తర్వాత ఫలితాలు. పరిచయం చివర్లో రాయండి. రచయితల పేర్ల వరుస పని మొదట్లోనే మాట్లాడుకోండి. తర్వాత మాట్లాడితే స్నేహాలు చెడతాయి.

ఊ. జర్నల్ ఎంపిక. ఇండియన్ రుమటాలజీ అసోసియేషన్ వారి ఇండియన్ జర్నల్ ఆఫ్ రుమటాలజీ, మన రోగుల కథ అర్థం చేసుకునే చోటు. "ఐదు రోజుల్లో పబ్లికేషన్" అని మెయిల్ పంపే జర్నల్‌కు ఒక్క రూపాయి కట్టకండి. అక్కడ వేసిన మంచి పేపర్ ఎవరి కంటా పడదు, ప్రమోషన్‌కూ లెక్కకు రాదు.

అసోసియేషన్ వార్షిక సదస్సు ఐరాకాన్‌కు మొదటి ఏడాది నుంచే పోస్టరు పంపండి. అక్కడ అడిగిన ఒక్క కష్టమైన ప్రశ్న మీ పేపర్‌ను బాగుచేస్తుంది.

## 8. పాఠం చెప్పడం

బెడ్‌సైడ్ క్లాసులో ఒకేసారి పదిహేను మంది ఒక రోగి చేతిని నొక్కితే రోగికి నరకం. ముందే రోగి దగ్గర అనుమతి తీసుకోండి. ముగ్గురికి మించి ముట్టుకోనివ్వకండి. మిగతావారు ఒకరి చేతులు ఒకరు పరీక్షించుకోవాలి. ఆరోగ్యకరమైన కీలు ఎలా ఉంటుందో తెలియనివారికి వాపు ఎలా తెలుస్తుంది?

క్లాసుకు ఒకే విషయం. "ఈ రోజు మణికట్టు" అంటే మణికట్టే. చివరి ఐదు నిమిషాలు విద్యార్థి చేసి చూపించాలి, మీరు చూడాలి. స్లయిడ్లు చదవడం పాఠం చెప్పడం కాదు.

## 9. ఉద్యోగం, ప్రమోషన్, కాగితాలు

అసిస్టెంట్, అసోసియేట్, ప్రొఫెసర్ మెట్లకు అనుభవం ఏళ్ళు, పేపర్లు, కోర్సులు కావాలి. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) ఫ్యాకల్టీ అర్హతల నిబంధనలను 2025లో మార్చింది కాబట్టి సీనియర్ చెప్పిన పాత లెక్క పట్టుకోకుండా తాజా గెజిట్ చదవండి. కోర్సుల్లో రెండు ముఖ్యం: బయోమెడికల్ రీసెర్చ్ బేసిక్ కోర్సు, ఇది చెన్నై ఐసీఎంఆర్ ఎన్‌ఐఈ వారు ఆన్‌లైన్లో నడుపుతారు, రెండోది మెడికల్ ఎడ్యుకేషన్ బేసిక్ కోర్సు. చేరిన మొదటి ఏడాదే రెండూ ముగించండి.

ఒకే ఫైల్లో ఉండాల్సినవి: డిగ్రీలు, అదనపు అర్హత రిజిస్ట్రేషన్, ప్రతి కాలేజీ నుంచి జాయినింగ్, రిలీవింగ్, అనుభవ పత్రాలు, పేపర్ల మొదటి పేజీలు, కోర్సు సర్టిఫికెట్లు. ఒడిశా నుంచి ఆంధ్రకు గానీ అటు నుంచి ఇటు గానీ మారితే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సంగతి చేరకముందే చూసుకోండి.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

- మొదటి రోజే స్టెరాయిడ్ ఇచ్చి, జబ్బు పేరు తర్వాత వెతకడం. ప్రాణాపాయం లేకపోతే ముందు రక్తం తీసి, ఫొటో తీసి, కీళ్ళు లెక్కపెట్టి, ఆ తర్వాత ఇవ్వండి.
- అంతకుముందు వాడిన పొడులు అడగకపోవడం. పేరులేని నొప్పి పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. ఉన్నట్టుండి ఆపితే రోగి కుప్పకూలొచ్చు. కోప్పడకుండా అడగండి, పొట్లం తెమ్మనండి.
- అన్ని కాన్ఫరెన్సులకూ వెళ్ళి ఏ పేపరూ పూర్తి చేయకపోవడం. ఏడాదికి రెండు సదస్సులు, ఒక పూర్తయిన పేపర్.
- గైడ్‌తో మాట పట్టింపు వచ్చి థీసిస్ ఆగడం. జరిగిన ప్రతి చర్చ తర్వాత నాలుగు వాక్యాల మెయిల్ పంపండి: ఏం అనుకున్నాం, ఎవరు ఏం చేయాలి, ఎప్పటికి.
- డీఎం మధ్యలో అలసిపోయి మానేయాలనుకోవడం. ఇది చాలామందికి వస్తుంది. సీనియర్‌కో, ఇంట్లోవారికో, మానసిక వైద్యులకో చెప్పండి. దాచుకుంటే పని కంటే ముందు ఆరోగ్యం పోతుంది.

## 11. మన వైపే పనిచేయాలనుకుంటే

రాయగడ నుంచి, గుణుపురం నుంచి కీళ్ళవాతం రోగులు రైలెక్కి విశాఖ వెళ్ళి, ఓపీలో చీటీ రాయించుకుని, రాత్రికి తిరిగొస్తారు. మూడు నెలలకోసారి అలా వెళ్ళలేక మందు మానేస్తారు. మీరు బరంపురంలోనో, కోరాపుట్‌లోనో, విశాఖలోనో, శ్రీకాకుళంలోనో పనిచేస్తూ నెలకో రోజు జిల్లా ఆసుపత్రిలో ఓపీ పెట్టగలిగితే ఆ రోగులు నిలబడతారు.

దానికి ముందుగా కావాల్సింది ఆసుపత్రి సూపరింటెండెంట్ అంగీకారం, కాలేజీ నుంచి రాతపూర్వక అనుమతి. తర్వాత ఒక నర్సుకో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌కో మూడు పనులు నేర్పాలి: రక్తపరీక్ష తేదీ గుర్తుచేయడం, మెథోట్రెక్సేట్ మాత్రలు లెక్కపెట్టడం, జ్వరమో నోటిపుండో వస్తే మందు ఆపించి మీకు ఫోన్ చేయడం. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్, ఫోలిక్ యాసిడ్ ఆ ఆసుపత్రి స్టోరులో ఉన్నాయో లేదో మొదటి ఓపీకి ముందే చూసుకోండి. లేకపోతే ఇండెంట్ పెట్టించండి. మందులు వచ్చాకే ఓపీ తేదీ ప్రకటించండి, అది కూడా సంత రోజు కాకుండా.